మడుగులో పేరు లేని జంతువు

మువ్వలవాగు మడుగులో మాకు తెలియని జంతువు ఒకటి ఉండేదని యంత్రం చెప్పిన రోజు సోమవారం. శుక్రవారం నాడు రాజధాని నుంచి జలజీవుల రక్షణ సంఘం వాళ్ళు వస్తున్నారు. మధ్యలో మూడే రోజులు.

"హిమజా, ఇటు రా! జల్ది రా!"

జరీనా అరిచిన అరుపుకి టీ గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. మా ప్రయోగశాల వాగు గట్టు మీద రెండు రేకుల గదులు. ఒక గదిలో నేనూ మా బాపూ ఉంటాం. రెండో గదిలో జరీనా మంచం, ఆ మంచానికి అడ్డంగా మా యంత్రం అల్లిక.

అల్లికను నేనూ జరీనా ఆరేళ్ళు కష్టపడి తయారు చేశాం. నీటిలో బతికే ప్రతి ప్రాణీ ఏదో ఒకటి వదిలిపోతుంది. పొలుసు ముక్క, ఒంటి జిగురు, రక్తపు చుక్క, రెట్ట. వాటిని చదివి ఈ నీటిలో ఏమేం బతుకుతున్నాయో చెప్పే పరికరాలు మాకన్నా ముందే వచ్చాయి. అవి పేర్ల జాబితా ఇచ్చి ఊరుకుంటాయి. అల్లిక అక్కడితో ఆగదు. ఎవరి పొలుసు ఎవరి కడుపులోంచి వచ్చిందో, ఎవరి పిల్ల ఎవరి మొప్పకు అంటుకుని తిరిగిందో కనిపెట్టి, ఎవరికి ఎవరితో పని ఉందో దారాలుగా గీసి చూపిస్తుంది. మడుగు అడుగున ఏటేటా పేరుకున్న బురదను పొరలు చెదరకుండా పొడవాటి గొట్టంతో తీసి పెడితే, ఇరవయ్యేళ్ళ కిందటి వాగును కూడా అలాగే చూపిస్తుంది.

తెర మీద పన్నెండేళ్ళ కిందటి ఎండాకాలం ఉంది.

"ఇగో, ఇది వాలుగ," అంది జరీనా. వాలుగ మా మడుగులో అన్నిటికన్నా పెద్ద చేప. మనిషంత పొడవు పెరుగుతుంది, నోటికందిన చేపనల్లా మింగుతుంది. "ప్రతి ఎండాకాలం దీని రక్తం బాగా పడుతున్నది. రెండు నెలలు తిరిగేసరికి దీని జాడ సగానికి సగం తగ్గుతున్నది. అంటే దీన్ని ఎవరో తింటున్నరు."

"ఎవరు?"

"అదే కదా! వాలుగ నుంచి దారం పోయింది. చివర చూడు."

దారం చివర ఒక చుక్క ఉంది. దాని పక్కన ఏ పేరూ లేదు.

"మొసలేమో."

"మొసలైతే మొసలి అని రాసేది. నీటికుక్కల పేరు రాసింది చూడు. అవి చిన్న చేపలు తింటున్నయ్ గానీ వాలుగ జోలికి పోతలేవు."

"గద్ద?"

"పదిహేను కిలోల చేపను ఏ గద్ద ఎత్తుకపోతది హిమజా?"

ఏడాదికి వందల కిలోల వాలుగను తినే జంతువు, నీటిలో ఒక్క వెంట్రుక, ఒక్క పొలుసు కూడా వదలని జంతువు! జరీనా ఒక్కో పొరా పైకి జరుపుతూ వచ్చింది. పదకొండేళ్ళ కింద చుక్క ఉంది. పదేళ్ళ కింద ఉంది. తొమ్మిదేళ్ళ కింద లేదు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

అది మాయమైన ఏడాది నుంచి వాలుగలు పెరుగుతూ పోయాయి. పరకలు తగ్గిపోయాయి. పరక వేలెడంత వెండి చేప. దాని మొప్పలకు ఆల్చిప్పల పిల్లలు అంటుకుని పదిహేను రోజులు తిరిగి, కాస్త బలం వచ్చాక ఇసుకలో రాలిపడి స్థిరపడతాయి. పరక లేకపోతే ఆల్చిప్పకు పిల్లను పెంచే ఒడి లేదు. తెర మీద ఆ దారం ఏడాదికేడాది సన్నబడి, ఆరేళ్ళ కింద పుటుక్కున తెగిపోయింది.

"బాపును పిలుస్తా," అన్నాను.

* * *

మా బాపు లింగమూర్తి ముప్పయ్యేళ్ళు జలజీవుల మీద పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. ఈ మడుగును రక్షిత ప్రాంతం చేయించింది ఆయనే. ఎక్కడ ఎక్కువ రకాల ప్రాణులుంటే అక్కడ హద్దు గీయాలి, అప్పటి పద్ధతి అది. అప్పట్లో మడుగులో నలభై ఒక్క రకాలున్నాయి. దాని దిగువన మోకాటి లోతు ఇసుక పాయలో నాలుగే ఉన్నాయి. అందుకని మడుగు హద్దు లోపలికి వచ్చింది, పాయ బయట ఉండిపోయింది. బయట ఉండిపోయిన పాయలోకి ఇసుక లారీలు దిగాయి. మడుగు ఒడ్డున ఉండే నలభై జాలరి కుటుంబాలను నాలుగు కిలోమీటర్ల అవతల రోడ్డు పక్కకు మార్చారు. వల పట్టుకుని మడుగు దగ్గరకు వస్తే కేసు.

జాబితాలో ఇప్పటికీ ముప్పై తొమ్మిది రకాలున్నాయి. కాగితం మీద మువ్వలవాగు గొప్ప విజయం. గోదావరి మీదా దాని ఉపనదుల మీదా ఇంకో పదకొండు మడుగులకు ఇదే పద్ధతి పెట్టాలని సంఘం అనుకుంటోంది. పదకొండు మడుగులంటే వాటి ఒడ్డున పదకొండు ఊళ్ళు. శుక్రవారం వాళ్ళ ముందు మాట్లాడాల్సింది బాపు. ఆయనకు సన్మానం కూడా చేస్తారన్నారు.

కానీ నీళ్ళు పచ్చబడుతున్నాయి. ఆల్చిప్పలు నీటిని వడగట్టడం తగ్గింది. ఉన్నవన్నీ ముసలివి. పెంకు మీద గీతలు లెక్కపెట్టి బాపు వయసు చెప్పేవాడు. "పదిహేడు... ఇరవై రెండు... పద్నాలుగు..." పిల్లది ఒక్కటీ దొరకక ఏళ్ళయింది. రాత్రిళ్ళు ఎవరో వచ్చి దొంగతనంగా వలలు వేస్తున్నారని ఆయన నమ్మకం.

ఖాళీ చుక్కను చూసి ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"నేను చెప్పలే? నేను చెప్పలే బిడ్డా? ఏదో పెద్ద జీవి ఉండేది. మనం హద్దు పెట్టేలోపలే జాలరోళ్ళు దాన్ని చంపేసిండ్రు! ఇది దొరికితే చాలు. దీన్ని మళ్ళ తెచ్చి మడుగుల వదిలితే అంతా చక్కబడ్తది!"

అరవై ఏడేళ్ళ మనిషి ఆ మధ్యాహ్నం అన్నం మర్చిపోయాడు. బీపీ మాత్ర నేను చేతిలో పెడితే జేబులో వేసుకున్నాడు. మర్నాడంతా ముగ్గురం ఒడ్డు తవ్వాం. పన్ను దొరుకుతుందేమో, ఎముక దొరుకుతుందేమో. బాపు తలకు తువ్వాలు చుట్టుకుని పాట పాడుతూ తవ్వాడు. అమ్మ పోయాక ఆయన పాడటం నేను వినలేదు. జరీనా మడుగులో నాలుగు చోట్ల చప్పుళ్ళు వినే గొట్టాలు దించింది. ఒక గేదె దవడ ఎముక దొరికితే గంటసేపు ముగ్గురమూ దాని చుట్టూ కూర్చుని వాదించుకున్నాం. పరిగెత్తాలన్నంత ఉత్సాహం, ఎటు పరిగెత్తాలో తెలియదు.

బుధవారం పొద్దున నేనన్నాను, "మడుగుల ఏం తిరిగేదో తెలిసినోళ్ళు రోడ్డు పక్క ఉన్నరు బాపూ. వాళ్ళనడుగుదాం."

ఆయన పార ఆపాడు. "వాళ్ళు నీకు నిజం చెప్తరా? పోకు."

నేను బండి తీశాను.

* * *

రోడ్డు పక్క కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు. మిగతావాళ్ళు ఇటుక బట్టీలకు పోతారట. చివరి ఇంటి ముందు ఒకామె బిందె దగ్గర కూర్చుని కాళ్ళకంటిన ఎర్రమట్టి కడుక్కుంటోంది. అరవై దాటి ఉంటుంది. పేరు ఓదెమ్మ అంది. ఆ పేరు నాకు తెలుసు. ఆమె భర్త సాయిలు హద్దు పెట్టిన వారంలోనే మడుగులో వలతో దొరికి రెండు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ కేసులో సాక్ష్యం చెప్పింది బాపు.

"లింగమూర్తి సారు బిడ్డవు గదా," అంది ఆమె. "ముఖం గట్లనే ఉన్నది. కూసో."

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక్కసారే అడిగేశాను. "పెద్దమ్మా, మడుగుల ఏదన్న పెద్ద జంతువు ఉండేదా? ఎండకాలంల వాలుగలను తినేది. తొమ్మిదేండ్ల కింద పోయింది."

ఓదెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"దానికోసం ఎతుకుతున్నరా మీరు? ఒడ్డంత తవ్వుతున్నరని మావోళ్ళు చెప్పిండ్రు."

"అవును పెద్దమ్మా. మీరు చూసిండ్రా?"

"ఇగో," అంది తన గుండె మీద చెయ్యి పెట్టుకుని. "నీ ముంగట్నే కూసున్నది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గినంక వాలుగలన్నీ మడుగు లోపలికి జేరేవి. నలభై ఇండ్లోళ్ళం రెండు నెలలు వాటినే పట్టేది, వాటినే తినేది, వాటినే అమ్మేది. గా జంతువు నేనే బిడ్డా."

ఆ క్షణంలో నాకు ఒక వాక్యం గుర్తొచ్చింది. యంత్రం తయారుచేసే మొదటి నెలలో నేనే దానికి నేర్పిన వాక్యం. నీళ్ళు తీసేటప్పుడు మా చేతుల చెమట, నోటి తుంపర సీసాలో పడతాయి కాబట్టి, మనిషి జాడ కనిపిస్తే చెత్త కింద తీసెయ్యి.

"మరి పరకలు?" అన్నాను.

"వాటిని పట్టం. మిరుగం పడి వానలు మొదలైనంక పాయల కాలే పెట్టం, అవి గుడ్లు పెట్టే జాగ అది. కడుపుతోని ఉన్న వాలుగ వలల పడితే వదిలేస్తం. మూరెడు లేనిదాన్ని వదిలేస్తం. ఇదంత మీ సారుకు మా ఆయన చెప్పబోయిండు. కోర్టుల. ఇనలే."

"సాయిలు పెదనాన్న ఎక్కడ?"

"బట్టీ దుమ్ముకు దగ్గు పట్టుకున్నది. మూడేండ్లయింది పోయి."

ఆమె బిందె మూత పెట్టి లోపలికి వెళ్ళింది. నాకు తాగటానికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

* * *

బండి ఎంత వేగంగా నడిపానో నాకే తెలియదు. జరీనా నా మాట పూర్తిగా వినకముందే ఆ వాక్యం వెతికి తీసేసింది. అల్లిక పాత పొరలన్నీ మళ్ళీ చదవటానికి రెండు గంటలు పట్టింది. ఇద్దరం తెర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాం.

చుక్క పక్కన అక్షరాలు వచ్చాయి. మనిషి.

జరీనా ఎగిరి నన్ను కావలించుకుంది. "దొరికింది! దొరికింది హిమజా!" అని అరిచి, గుమ్మంలో బాపును చూసి ఆగిపోయింది.

ఆయన దగ్గరకు వచ్చి తెర చూశాడు.

"ఇది మన చేతుల మురికి," అన్నాడు.

"బాపూ..."

"నువ్వే చెప్పినవు గదా, మన చెమట కలుస్తదని! గొట్టం దించింది మనం. బురద తీసింది మనం. మనిషి జాడ రాకపోతే ఏమొస్తది? దీన్ని పట్టుకుని తొమ్మిదేండ్ల పని అబద్ధమంటవా?"

ఆయన కోపంలో న్యాయం ఉంది. నేను ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నాను. అనుమానం వస్తే కొలత మళ్ళీ తీయాలని చెప్పింది ఆయనే.

"అయితే మళ్ళ తీద్దాం," అన్నాను. "నువ్వే తియ్యి."

గురువారం తెల్లారగానే బాపు తెప్ప ఎక్కాడు. చేతులకు రెండేసి తొడుగులు, మూతికి గుడ్డ, తలకు టోపీ. గొట్టాన్ని ఆయనే ఉడకబెట్టాడు, ఆయనే దించాడు, ఆయనే మూత బిగించాడు. మమ్మల్ని తాకనివ్వలేదు. బురద అంచులు గీకి పారేసి, గొట్టానికి అంటని నడిమి మట్టిని మాత్రమే యంత్రంలో పెట్టించాడు.

అల్లిక చదవటానికి మళ్ళీ రెండు గంటలు పట్టింది. నేను ఏది కోరుకుంటున్నానో కూడా నాకు తెలియలేదు.

ఇరవయ్యేళ్ళ కిందటి పొరలో మనిషి జాడ ఉంది, దానితోపాటు వాలుగ రక్తం, వల దారాల జనుము పీచు. పదిహేనేళ్ళ కింద ఉంది. పదేళ్ళ కింద ఉంది. తొమ్మిదేళ్ళ కింద ఆగిపోయింది. మా చేతుల మురికే అయితే అన్ని పొరల్లోనూ ఉండాలి. పై తొమ్మిది పొరల్లో మనిషి జాడే లేదు. దొంగవలలు వేసినవాళ్ళు కూడా లేరు.

బాపు ఆ పొర మీద వేలు పెట్టాడు. వేలు తీయలేదు.

"ఈ గీత నేను గీసిందే," అన్నాడు. కాసేపటికి, "సాయిలు కోర్టుల ఏదో చెప్పబోయిండు. జడ్జిగారూ, వీళ్ళకు చదువు లేదు అని నేను అడ్డం తగిలిన," అన్నాడు.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "బండి తియ్యి బిడ్డా. పొద్దుగూకకముందే పోవాలె."

* * *

ఓదెమ్మ ఆయన్ని కూర్చోమనలేదు. బాపు నిలబడే చెప్పాడు. వాలుగ, పరక, ఆల్చిప్ప, నీళ్ళు. మీరు పట్టకపోయేసరికి అంతా తెగిపోయిందని. తనదే పొరపాటని.

"మా ఆయన పోయినంక చెప్తున్నవా సారూ?"

బాపు తల వంచుకుని నిలబడ్డాడు. ఇళ్ళలోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఒక ముసలాయన ఏదో అనబోతే ఓదెమ్మ చెయ్యెత్తి ఆపింది.

"రేపు వచ్చేటోళ్ళకు ఇదంత చెప్తవా?"

"చెప్త."

"ఇంక పదకొండు ఊళ్ళంట గదా. వాళ్ళనన్న ఉంచమని చెప్తవా?"

"చెప్త. నువ్వు గూడ రా. నేను చెప్పేది యంత్రం మాట. మడుగు సంగతి నీకే ఎరుక."

శుక్రవారం మా రేకుల గది ముందు వేసిన షామియానా కింద ఏడుగురు అధికారులు కూర్చున్నారు. ఉపన్యాసం రాసుకున్న కాగితాలు బాపు తీయనే లేదు. తెర మీద దారాలు చూపించి, నాలుగు మాటల్లో చెప్పేశాడు. రకాలు లెక్కపెట్టి హద్దు గీస్తే సరిపోదు, ఎవరి బతుకు ఎవరి చేతిలో ఉందో చూసి గీయాలి. నాలుగే రకాలున్న పాయను బయట వదిలేసి పరక పుట్టే చోటును పోగొట్టాను. వాలుగను పరకనూ ఒకే మడుగులో మూసి, వాలుగను పట్టేవాళ్ళను బయటికి పంపాను.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసింది. "అంటే తొమ్మిదేళ్ళుగా మీరు మాకు రాసింది తప్పా?"

"తప్పే మేడం."

చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. ఒక అధికారి ఓదెమ్మ వైపు తిరిగాడు. "వలలు వేయనిస్తే మీరు మొత్తం ఊడ్చేయరని నమ్మకమేంటమ్మా?"

"మొత్తం ఊడ్చేటోళ్ళమైతే సారూ, మీరు వచ్చి హద్దు పెట్టేనాటికి మడుగుల ఏముండేది?" అంది ఓదెమ్మ. "మా తాతల కాలం నుంచి పట్టినం. మీ నలభై ఒక్కటి అప్పుడే గదా లెక్కపెట్టుకున్నరు?"

జరీనా నా చెయ్యి నొప్పి పుట్టేలా నొక్కింది.

మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయేదాకా వాళ్ళు వాదించుకున్నారు. చివరికి తేలింది ఇది. పదకొండు మడుగుల హద్దులు అల్లిక చదివేదాకా ఆగుతాయి, ఊళ్ళు కదలవు. మువ్వలవాగు హద్దు పాయ మీదుగా గోదావరిలో కలిసే చోటు దాకా జరుగుతుంది, ఇసుక లారీలు ఆగుతాయి. జాలరులు ఒక్క ఎండాకాలం వాలుగ పట్టొచ్చు. ఫలితం చూశాక మిగతా మాట.

గెలిచామని జరీనా గంతులేసింది. నేనూ వేశాను. కానీ మర్నాడు కాలనీకి వెళితే, నలభై కుటుంబాల్లో వస్తామన్నవి పదిహేడే. కొందరు పట్నం వెళ్ళిపోయారు. కొందరికి వల అల్లటం చేతకాదు, నేర్పేవాళ్ళు పోయారు. అల్లిక ఏ దారం తెగిందో చూపించగలదు గానీ, దాన్ని ముడివేయటం అల్లిక పని కాదు.

బాపుకు వస్తుందన్న సన్మానం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయనా అడగలేదు. ఆ ఎండాకాలమంతా తెప్ప మీద ఓదెమ్మ వెనక కూర్చుని, ఆమె ఏ వాలుగను వదిలిందో, ఎందుకు వదిలిందో నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమె ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడేది. పదిహేడు ఇళ్ళలో వాలుగ పులుసు వాసన వచ్చింది. మాకు కూడా ఒకరోజు గిన్నెలో పంపింది, ఏమీ చెప్పకుండా.

* * *

వానలు పడ్డాయి. పాయ నిండింది. లారీ చక్రాల గుంటలు పూడిపోయాయి. దసరాకు ముందు ఒక ఉదయం, మోకాటి లోతు నీళ్ళలో నేనూ బాపూ ఓదెమ్మా సన్నకన్ను వల పట్టుకుని నిలబడ్డాం. జరీనా ఒడ్డున కెమెరాతో ఉంది.

మొదటి లాగుడుకే వలలో వెండి మెరిసింది. ఒకటి, నాలుగు, ఏడు. ఏడు పరకలు!

"ఇటియ్యి, ఇటియ్యి!" బాపు తడిచేతుల్లోకి ఒక పరకను తీసుకుని, మొప్ప మూతను వేలి కొనతో ఎత్తాడు. భూతద్దం కంటికి ఆనించాడు.

ఎర్రటి మొప్ప మీద గసగసాల్లా తెల్లటి చుక్కలు.

"ఉన్నయ్ బిడ్డా!" బాపు అరుపుకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. "ఆల్చిప్ప పిల్లలు! తొమ్మిది... పదకొండు... ఓదెమ్మా, చూడు! పదమూడు!"

జరీనా కెమెరాతో సహా నీళ్ళలోకి దూకేసింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియలేదు. బాపు రెండో మొప్ప ఎత్తి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. పరక నోరు తెరిచి మూస్తోంది.

ఓదెమ్మ ముందుకు వచ్చి ఆయన అరచేతిలోంచి చేపను తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇడువు సారూ, సచ్చిపోతది," అంది. "దానికి పనున్నది."

వంగి నీళ్ళలో వదిలింది.